మెట్టె తొడిగిన చెయ్యి

కుందూ పొంగి నంద్యాల వీధుల్లో నీళ్లు నిలిచిన ఏడు అది. ముసలివాళ్లు చెప్పుకొనే పాత వరద కాదు, మొన్నటిది. ఆ వానలకే ఆళ్లగడ్డలో వక్కిలేరు కూడా గట్టు దాటింది. శిల్పుల కొట్టాల్లోకి నీళ్లు చేరి, సగం చెక్కిన నందులూ నాగప్రతిమలూ మెడలోతు బురదలో కూర్చున్నాయి. నీళ్లు పోయాక మనుషులు ముందు రాళ్లను కడిగారు. తర్వాత ఇళ్లు కడుక్కున్నారు. కాళ్ల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

కంబగిరాచారి కొట్టంలో అప్పుడు ఒక అమ్మవారి విగ్రహం ఉంది. ముఖం, చేతులు, చీర కుచ్చెళ్లు అయిపోయాయి. పాదాలు మిగిలాయి. పాదాల పని ఆయన ఎప్పుడూ చివరికి పెట్టుకుంటాడు. ఎందుకని అడిగితే, "మనిషి మొక్కేది ఆడనే గదప్పా" అంటాడు. అంతకంటే మాట పెంచడు.

ఆ కొట్టంలోకి చెప్పులతో ఎవరూ రాకూడదు. ఆయన తండ్రి నాటి కట్టడి అది. తొలి ఉలిదెబ్బ పడ్డాక అది రాయి కాదు, దేవర. విగ్రహాలు కొనవచ్చిన పెద్దమనుషులు కూడా బయటే బూట్లు విప్పి, రాతిచిప్పలు గుచ్చుకుంటుంటే వేడి ఇసుకలో కోళ్లలాగా ఎగిరెగిరి నడుస్తారు. ఆయన భార్య గురవమ్మ మాత్రం ఆ చిప్పల మీద చాప మీద నడిచినట్టు నడిచేది. నీళ్లకనీ, టీకనీ, అన్నానికనీ దినమంతా ఇంటికీ కొట్టానికీ మధ్య తిరిగే మనిషి. ఆమె కాళ్లకు చెప్పులుండగా ఊళ్లో ఎవరూ చూడలేదు.

ఆమె వస్తున్నదని ఆయన తలెత్తి చూడడు. బండల మీద మెట్టెల చప్పుడే చెబుతుంది. ఆ శుక్రవారం పొద్దున టీ గ్లాసుతో వస్తుంటే ఒక కాలే పలికింది. ఒక టక్కు, ఒక మౌనం. మళ్లీ ఒక టక్కు, ఒక మౌనం.

ఆయన సుత్తి ఆపాడు.

"కాలికేందమ్మే?"

"ఏముంది. ఏమీ ల్యా."

"కుడికాలు పలుకుతాలేదు."

"పలికేదానికి అదేమన్నా చిలకనా? టీ తాగు, సల్లారిపోతాది."

గ్లాసు చేతికిచ్చి ఆమె వెనక్కి తిరిగింది. కుడి మడమ మీద బరువు మోపి, వేళ్లు పైకెత్తి నడుస్తున్నది. రెండు పాదాలకూ పసుపు దట్టంగా ఉంది. శుక్రవారం కదా అనుకోవచ్చు. కానీ బుధవారం కూడా అంతే ఉంది, గురువారం కూడా అంతే ఉంది. ఆయనకు అది ఇప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చాక ఇంకొకటి కూడా తెలిసింది. ఆమె పక్కనుంచి పోయినప్పుడు పసుపు వాసన కింద మరో వాసన ఉంది. బురదలో నానిన గోనెసంచి వాసన.

"నిలబడు. నొప్పుందా?"

"నొప్పే లేదంటాండా. నొప్పి లేకుంటే రోగమేడిది?"

"చూడనీ."

ఆమె చటుక్కున చీర అంచు కిందికి లాగి పాదాలు దాచుకుంది. "నీకేమన్నా మతి పోయిందా? మొగుడు పెండ్లాం కాళ్లు పట్టుకుంటే ఆ పాపం ఎవరికి? నీకా, నాకా? నీ పని చూసుకోపో."

అది కొత్త మాట కాదు. కాపురానికి వచ్చిన నాటినుంచీ అదే మాట. జ్వరం వచ్చి కాళ్లు పీకుతున్నా ఆయనను పట్టనిచ్చేది కాదు. ఆయన కాళ్లు మాత్రం రోజూ తానే ఒత్తేది. రాతి పాదాలు ఎన్నో చేసిన ఆయనకు, ఇంట్లో ఉన్న రెండు పాదాలు పైనుంచి చూసినవే తప్ప చేత్తో తెలియవు.

ఆయన టీ తాగలేదు. ఉలి నీళ్లతొట్టి పక్కన పెట్టి లేచాడు.

"పా, నంద్యాలకు."

"షుగరుకు బిళ్ల మింగుతానే ఉండా గదా, మళ్లా ఆసుపత్రేందీ?"

"పా అంటాండా."

నంద్యాల ఆసుపత్రిలో కాళ్లకు కట్లు కట్టే గదిలో లూదియా అనే నర్సమ్మ ఉంది. చిన్న పీట మీద కూర్చుని గురవమ్మ కుడిపాదం ఎత్తి తన ఒళ్లో పెట్టుకోబోయింది. గురవమ్మ కాలు లాక్కుంది.

"వద్దు పాపా, సదువుకున్న బిడ్డవి. నా కాళ్లు నీ ఒళ్లో పెడతానా?"

"నా పనే ఇది అవ్వా. మా యేసయ్యే శిష్యుల కాళ్లు కడిగినాడంట. నాదేం పోతాది? ఇట్లియ్యి." లూదియా పాదాన్ని పట్టుకొని దూది తడిపి తుడవడం మొదలుపెట్టింది. "పసుపు ఎంత పూసినావ్ అవ్వా? గోడకు సున్నం కొట్టినట్టు కొట్టినావే."

"ముత్తైదువను. పసుపు లేకుంటే ముండమోపి కాళ్లంటారు."

"పసుపు తప్పని నేననను. దాని కింద ఏముందో కనపడల్ల గదా."

దూది ముద్దలు పచ్చగా తట్టలో పడుతున్నాయి. కంబగిరాచారి గుమ్మం దగ్గర నిలబడ్డవాడు రెండడుగులు ముందుకు వచ్చాడు. బొటనవేలి పక్క వేలు వంకాయరంగుకు తిరిగి ఉబ్బి ఉంది. వెండి మెట్టె ఆ ఉబ్బులోకి దిగి, చెట్టు మింగిన కంచెతీగలాగా సగం కనబడకుండా పోయింది. వేళ్ల సందులు తెల్లగా నానిపోయాయి.

లూదియా పాదాన్ని తిప్పింది. ఆయన తన భార్య అరికాలు చూడడం అదే మొదలు. మడమ నిండా పగుళ్లు. రాయికి అలాంటి పగులు ఒక్కటున్నా చాలు, పనికిరాదని పక్కకు దొర్లిస్తాడు. ఒక పగులులో ఏదో నల్లగా ఉంది. లూదియా చిమటాతో పట్టి లాగింది. గోరంత రాతిచిప్ప. ఇనుపతట్టలో వేస్తే టింగుమంది.

అది ఏ రాయో ఆయనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. తన ఉలి కింద లేచిన చిప్పే. అమ్మవారి రాతిది.

"ఇది గుచ్చుకొని ఎన్నాళ్లయింది అవ్వా?"

"ఏది?" అంది గురవమ్మ.

లూదియా నవ్వలేదు. బీరువాలోంచి సన్నని ప్లాస్టిక్ దారం అమర్చిన పుల్ల తెచ్చింది. "కండ్లు మూసుకో అవ్వా. కాలికి తగిలినప్పుడల్లా ఊ అను."

గురవమ్మ కళ్లు మూసుకుంది. లూదియా దారం కొనను బొటనవేలికి ఆనించి నొక్కింది. దారం విల్లులాగా వంగింది. గురవమ్మ పలకలేదు. పాదం మధ్యలో నొక్కింది. దారం వంగింది. పలకలేదు. మడమ దగ్గర. పలకలేదు.

గదిలో చప్పుడు లేదు. ఆ మౌనం గురవమ్మకు అర్థమైంది కాబోలు. లూదియా దారం పైకెత్తి పట్టుకొని ఊరికే చూస్తుండగా, "ఊ" అంది. కాస్సేపాగి, ధైర్యం తెచ్చుకొని మళ్లీ, "ఊ" అంది.

లూదియా ముసలాయన వైపు చూసింది. ఆయన గోడ వైపు చూశాడు.

డాక్టరు వచ్చి చూసి, ఉన్న మాట చెప్పాడు. మెట్టె వేలికి ఉరి వేసింది, ఈ పూటే కోయాలి, లేకుంటే వేలు పోతుంది, అప్పటికీ ఆలస్యం చేస్తే పాదం పోతుంది. లూదియా చిన్న కత్తెర చేతిలోకి తీసుకునేలోగా గురవమ్మ మంచం దిగేసింది.

"మొగుడు కండ్లెదురుగా నిలబడి ఉంటే మెట్టె కోస్తారా? నోట్లో మన్ను పడ!"

"వేలు పోతాది అవ్వా."

"పోనీ. వేలే గదా. మెట్టె ఉండల్ల."

"వేలే లేకుంటే మెట్టె యాడ పెట్టుకుంటావవ్వా, చెవికా?"

గురవమ్మకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కాలు మాత్రం ఇవ్వలేదు. సబ్బునీళ్లు పోసి తిప్పి చూశారు. అతుకు లేని పాతకాలపు పోత మెట్టె, కదల్లేదు. చివరికి పుండుకు మందు వేసి, బిళ్లలిచ్చి, లూదియా ఆయనను బయటికి పిలిచింది.

"తాతా, కట్టు ఆళ్లగడ్డలోనే మార్పించుకోండి. మెట్టె మాత్రం ఈ పూట కాకున్నా రేపటికల్లా తియ్యల్ల. వేలి కొన నల్లబడితే వెంటనే తీసుకొచ్చెయ్. అప్పుడిక మెట్టె కాదు, వేలే తీస్తారు. ఇంకోటి. రోజూ అరికాళ్లు ఎవరన్నా చూడల్ల. ఆ కాళ్లకు తెలీదు. కాబట్టి ఇంకొకరికి తెలియల్ల. చెప్పుల్లేకుండా ఒక్క అడుగు కూడా వద్దు."

గురవమ్మను బస్టాండులో బెంచీ మీద కూర్చోబెట్టి, ఆయన సైదా సాహెబు అంగడికి పోయాడు. గాంధీచౌకు దగ్గర ఆ అంగడి. షుగరు ఉన్నవాళ్లకు మెత్తని చెప్పులు సాహెబే స్వయంగా కోసి కుడతాడు. సాహెబు కొడుకు పెళ్లిలో ఆచారి భోజనం చేశాడు. అంత స్నేహం.

"రా ఆచారీ, రా. ఇన్నాళ్లకు చెప్పుల అంగడి మెట్టెక్కినావ్. ఎవరికి?"

"ఇంట్లో ఆమెకు."

"యా అల్లా, గురవమ్మక్కకా! సరే, కొలత చెప్పు."

ఆయన రెండు చేతులూ ఎదురెదురుగా పట్టుకున్నాడు. ఒకసారి దగ్గరికి జరిపాడు. మళ్లీ దూరం జరిపాడు.

"ఇంతా? ఇంతనా?" అన్నాడు సాహెబు. "వెడల్పు? వేళ్లు యాడ విప్పుకుంటాయి, మడమ సన్నమా లావా? ఏందప్పా, అమ్మవార్ల కాళ్లు నిద్రలో లేపినా కొలత చెప్తావు. పెండ్లాం కాలు తెలీదా?"

ఆచారి చేతులు దించుకున్నాడు.

"షుగరు కాలికి అందాజా పనికిరాదు. బిగువైతే ఒక పుండు, వదులైతే ఇంకో పుండు. ఆమెను తీసుకరా. లేదంటే అట్ట మీద పాదం గీసుకోనన్నా రా." సాహెబు టీ తెప్పిస్తానన్నాడు. ఆయన ఆగలేదు.

బస్సులో గురవమ్మ కిటికీ పక్కన కూర్చుంది. నంద్యాల దాటాక మెల్లగా అడిగింది. "ఆ పాప నొక్కినప్పుడు నేను ఊ అన్నవన్నీ సరేనా?"

ఆయన టికెట్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే" అన్నాడు.

మరునాడు పొద్దున పక్కింటి రామేశ్వరమ్మ పలకరించడానికి వచ్చింది. పలకరింపు రెండు మాటలు. మిగతాదంతా మెట్టెల గురించే. "మా పెద్దమ్మ మెట్టె బావికాడ జారి పోయింది. నెల తిరక్కుండానే మా పెదనాయన పాయె. వాళ్లకేం తెలుసు ఆసుపత్రోళ్లకు? కోసేది వాళ్లు, తెల్లచీర కట్టేది మనం."

"నేనూ అదే అంటాండా వదినా" అంది గురవమ్మ.

కొట్టంలో కూర్చున్న ఆయనకు అంతా వినబడుతూనే ఉంది. ఉలి తీసుకొని అమ్మవారి కుడిపాదం ముందు కూర్చున్నాడు. వేళ్లు విడదీశాడు. గోళ్లు తీర్చాడు. బొటనవేలి పక్క వేలికి మెట్టె చెక్కాలి. ఉలి పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు. సుత్తి లేవలేదు. చుట్టూ చూశాడు. నేలంతా చిప్పలు. ఒక్కొక్కటీ నిలబడి అంచు చూపిస్తున్నట్టుంది. చీపురు తెచ్చి కొట్టం ఊడ్చాడు. ఆ పని ఎప్పుడూ గురవమ్మదే.

పొద్దువాలే వేళకు ఇంట్లోకి పోయాడు. గురవమ్మ మంచం మీద కాలు దిండుపై పెట్టుకొని కూర్చుంది. కట్టులోంచి బయటికున్న వేలి కొన, నిన్న వంకాయరంగులో ఉన్నది, ఇవాళ నల్లబారుతున్నది.

ఆయన వంటింట్లోకి పోయి, పచ్చళ్లు నూరే సన్నెకల్లు రెండు చేతులా ఎత్తి తెచ్చి మంచం ముందు పెట్టాడు. చెంబుతో నీళ్లు తెచ్చాడు. కొట్టంలోంచి సన్నని ఆకురాయి తెచ్చాడు. విగ్రహాల కింద వేసే రాగిరేకు ఒకటి తీసి, గోరంత వెడల్పున ముక్క కత్తిరించాడు. అంచులు ఆకురాయితో అరగదీసి, తన పెదవి మీద గీసి చూసుకున్నాడు. గీరుకోలేదు.

గురవమ్మకు అర్థమైంది. కాలు ముడుచుకోబోయింది.

"ఉయ్యాలవాడలో మీ నాయన ఇంటి ముందర పందిట్లో" అన్నాడు, "నీ కాలు సన్నెకల్లు మీద ఎవరు పెట్టినారు?"

ఆమె చీర అంచు పాదం మీదికి లాక్కుంది.

"ఎవరు పెట్టినారమ్మే?"

"నువ్వే."

"మెట్టె తొడిగినదెవరు?"

"నువ్వే. ఆ పొద్దు ఒక్క పొద్దే గదా కాలు పట్టేది."

"పెట్టినోడే తీస్తాండా. సచ్చినోడైతే తీయలేడు గదా. బతికుండాను కాబట్టే తీస్తాండా."

గురవమ్మ ఆయన ముఖంలోకి చూసింది. ఇన్ని మాటలు ఒక్కసారి ఆయన నోట రావడం ఆమె ఎరగదు. "నీకేమన్నా అయితే?" అంది. మెట్టె వైపు చూసింది. "దాన్ని పెట్టుకున్నన్నాళ్లూ నువ్వు ఉంటావని గదా నేను…"

"నాకు కొలత తెలీలేదే" అన్నాడాయన.

"ఏందీ?"

"సాహెబు నీ కాలి కొలత అడిగినాడు. నాకు తెలీలేదు."

ఆమె కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. ఎంతసేపటికో కాలు దిండు మీదినుంచి దించింది. సన్నెకల్లు మీద తానే పెట్టింది.

ఆయన నేల మీద కూర్చుని, ఎడమచేత్తో పాదాన్ని మడమ కిందనుంచి పట్టుకున్నాడు. కట్టు విప్పాడు. మెట్టెకూ చర్మానికీ మధ్య రాగిరేకు మెల్లగా, కొబ్బరిపీచంత సందు వెదికి, కదిలించి కదిలించి దూర్చాడు. ఆకురాయి వెండి మీద పెట్టి లాగాడు. సన్నని చప్పుడు. నాలుగు లాగుళ్లకు ఒకసారి ఆపి, వెండిని వేలితో తాకి చూసేవాడు. రాపిడికి వేడెక్కితే ఆమెకు తెలియదు. తన వేలికి వెచ్చగా తగిలితే చెంబు వంచి నీళ్లు పోసేవాడు. రాయి మీద ఎంత పని అయినా చెమట పట్టని మనిషికి ఆ చిన్న మెట్టె దగ్గర చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"చెయ్యి వణుకుతాంది నీది" అందామె.

"నీకు తెలుస్తాందా?" ఆయన ఆశగా తలెత్తాడు.

"కనపడతాంది."

మళ్లీ తల వంచాడు. వెండి పొడి సన్నెకల్లు మీద రాలింది. చివర చిటుక్కుమంది. మెట్టె రెండు అంచులూ పట్టుకొని, రాగిరేకు ఆసరాతో విప్పాడు. వేలి చుట్టూ లోతైన గాడి, తెల్లగా. ఇద్దరూ ఆ గాడినే చూస్తూ కూర్చున్నారు. తెలుపు తెలుపుగానే ఉంది. వీధిలో ఆటో ఒకటి పోయింది. గాడి అంచున ముందు ఒక ఎర్రని చుక్క పుట్టింది. తర్వాత ఆ ఎరుపు పల్చగా, వేలి కొన వైపు పాకింది.

"నెత్తురొచ్చింది" అన్నాడు. పండగ వచ్చిందన్నట్టు అన్నాడు.

గురవమ్మ కోసిన మెట్టెను చేతిలోకి తీసుకొని, దారంతో తన తాళి పక్కన కట్టుకుంది. "ఈడ ఉంటే పోయినట్టు కాదులే" అంది. ఎవరికి చెప్పిందో.

ఆయన మందు వేసి కట్టు కట్టాడు. కట్టినాక కూడా పాదం వదల్లేదు. అరచెయ్యి మొత్తం పాదం మీద పరిచి ఉంచాడు. తల వంచుకునే అడిగాడు.

"ఈడ తెలుస్తాందా?"

గురవమ్మ ఊ అనబోయి, ఆగింది. "లే" అంది.

చెయ్యి కొంచెం పైకి జరిపాడు. "ఈడ?"

"లే."

చీలమండ దగ్గర. "ఈడ?"

"ఏందో, దూరంగా… లేదులే."

చీలమండ దాటి ఇంకో నాలుగు వేళ్లు పైకి. ఆయన అడగలేదు. ఆమే చటుక్కున ఊపిరి పీల్చింది.

"ఆ. ఈడ. నీ చెయ్యి గరుగ్గా ఉండాది."

ఆయన అక్కడే ఆగాడు. దీపం పెట్టే వేళ అయినా ఆమె లెమ్మనలేదు, ఆయన లేవలేదు. కొంతసేపటికి ఆమె అంది, "పెండ్లిలో పట్టుకున్నప్పుడు కూడా గరుగ్గానే ఉండె."

మరునాడు తెల్లవారగానే ఆయన నీళ్లు కాచాడు. ముందు తన మోచేతితో ముట్టి చూసి, చల్లనీళ్లు కలిపాడు. మంచం ముందు కూర్చుని, ఆమె కాలి మీద, చీలమండకు నాలుగు వేళ్ల పైన, ముందుగా చెయ్యి పెట్టాడు. వచ్చానని చెప్పడానికి. ఆ తర్వాత పాదం దగ్గరికి పోయాడు. పుండు లేని ఎడమ పాదం కడిగి, వేళ్ల సందులు గుడ్డతో తడి లేకుండా ఒత్తి, అరికాలు వెలుతురు వైపు తిప్పి, ప్రతి పగులూ బొటనవేలితో తడిమి చూశాడు. కుడికాలి కట్టు విప్పి చూశాడు. వేలి కొన రాత్రికంటే ఎర్రబడింది. మందు వేసి మళ్లీ కట్టాడు.

అట్ట ఒకటి నేల మీద పరిచి, ఎడమ పాదం దాని మీద పెట్టించాడు. రాతి మీద గుర్తులు వేసే జాజులో పుల్ల ముంచి, మడమ దగ్గర మొదలుపెట్టి, పాదం చుట్టూ గీశాడు. ఒక్కో వేలి దగ్గరా ఆగి ఆగి గీశాడు. అట్టను తిప్పి కుడిపాదం కూడా గీసుకొని, కట్టు కోసం వేళ్ల పక్కన కొంచెం ఎడం వదిలాడు.

"పనేందీ ఈ పొద్దు?" అంది గురవమ్మ. "అమ్మవారి కాళ్లు మిగిలిపాయె గదా."

"ఉంటాయిలే."

బస్సులో కండక్టరు అట్ట చూసి అడిగాడు. "ఏ అమ్మవారి పాదాలప్పా?"

"మా ఇంట్లో ఆమెవి" అన్నాడాయన. కండక్టరు టికెట్టు కొట్టి, అట్టకు తగలకుండా పక్కకు జరిగి పోయాడు.

సైదా సాహెబు అట్టను బల్ల మీద పెట్టి, కళ్లద్దాలు సర్దుకొని చూశాడు. "కొలత దొరికిందే! ఇంత సన్నంగా ఎవరూ గీసుకరాలేదప్పా. సరే, ఇంట్లోకా, బయటికా?"

"కొట్టంలోకి."

సాహెబు తలెత్తాడు. "దేవరుండే చోటికి చెప్పులా? నీ కొట్టంలోకా?"

"దేవర కాళ్లు రాతివి సాహెబూ" అన్నాడు ఆచారి. "వాటికేం కాదు."

సాహెబు మెత్తని రబ్బరు మీద అట్ట పెట్టి గీత గీసుకున్నాడు. గీసుకున్నాక, మళ్లీ జతకు పనికొస్తుందని అట్టను గోడకు తగిలించబోయాడు.

"అది నాకియ్యి" అన్నాడాయన.

అట్ట తీసుకొని, చెప్పులు కుట్టడం అయ్యేదాకా ఆ బెంచీ మీదే, దాన్ని మడత పడకుండా ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు.